కాసేపాగు మావయ్య మూడో నాబ్

మా మావయ్య ఏ పనినీ వేడెక్కకుండా మొదలుపెట్టడు. వేడెక్కాల్సింది ఆయన కాదు, వస్తువు. సైకిలెక్కే ముందు దాన్ని స్టాండు వేసి నిలబెట్టి, రెండు నిమిషాలు ఉత్తినే పెడల్ తిప్పి, "కాసేపాగు, ఇంకా వేడెక్కలేదు" అంటాడు. ఇస్త్రీపెట్టె గురించి ఆ మాటంటే ఎవరూ కాదనరు. ఈయన గొడుగు గురించి కూడా అంటాడు. ఒకసారి నడిరోడ్డు మీద వాన అందుకుంటే, గొడుగు సగం తెరిచి, "కాసేపాగు" అని నన్ను నిలబెట్టేశాడు. గొడుగు పూర్తిగా తెరుచుకునేసరికి వాన వెలిసింది, నా చొక్కా తడిసి ఆరింది, దానికి బదులు నేనింకో చొక్కా కొనుక్కున్నాను కూడా. ఇందులో కాస్త అతిశయోక్తి ఉంటే అది రెండో చొక్కా దగ్గర మాత్రమే.

ఆయన తీసిన మా కుటుంబం గ్రూపు ఫోటో ఒకటి గోడ మీద ఉంది. ముందు వరసలో కూర్చున్న మా పిన్ని కొడుక్కి ఫోటోలో మీసాలున్నాయి. కూర్చునేటప్పుడు లేవు.

అందుకే చుట్టాలందరికీ ఆయన 'కాసేపాగు మావయ్య'. వరసకి ఆయన్ని బాబాయి అనాల్సినవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. రెండే చెబుతాను, గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు. ఇంజనీరింగు కాలేజీని నేను రెండో ఏడాదిలో వదిలేశాను. కాలేజీ ఆ దెబ్బ నుంచి ఇంకా కోలుకోలేదని విన్నాను. పుస్తకాల సంచీతో ఇంట్లో అడుగుపెట్టిన రోజు మా అమ్మ గరిటె పట్టుకుని ఎదురొచ్చింది. అప్పుడు అమ్మకి అడ్డంపడి నిలబడింది మావయ్యే.

"అక్కా, కాసేపాగు. వాడింకా వేడెక్కలేదు."

అది పదకొండేళ్ల కిందటి మాట. ఇప్పటికీ అమ్మ ప్రతి ఆదివారం తమ్ముడికి ఫోన్ చేస్తుంది. యోగక్షేమాలేమీ అడగదు. "వేడెక్కాడా?" అంటుంది. "వేడెక్కుతున్నాడక్కా" అని ఈయన పెట్టేస్తాడు.

ఆ పదకొండేళ్లూ నా మకాం మావయ్య వర్క్‌షాపులోనే. అక్కడ నా హోదా ధ్వని నిపుణుడు. అత్తయ్య లెక్కలో మాత్రం బరువైన పెట్టెలు మోసేవాణ్ణి.

వర్క్‌షాపంటే ఇంటి కింది గది. కారు పట్టే గదే గానీ కారు ఎప్పుడూ పట్టలేదు, ఎందుకంటే లోపలంతా గిటార్ యాంప్లిఫయర్లు. కొనేవి కాదు, మావయ్య తన చేత్తో ఒక్కొక్కటే చేసేవి. కిటికీ దగ్గర అత్తయ్య కూర్చుని, తలవెంట్రుకంత రాగి తీగని వేల చుట్లు చుట్టి ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తుంది. ఈయన బల్ల దగ్గర కూర్చుని సీసం కరిగించి తీగలు అతికిస్తాడు. చెక్కపెట్టె కోసేదీ, స్పీకరుకి గుడ్డ తొడిగేదీ కూడా ఆయనే. లోపల గాజు వాల్వులుంటాయి, పాతకాలం రేడియోల్లో నారింజ రంగులో వెలిగేవి. ఏడాదికి నాలుగు పెట్టెలు తయారవుతాయి. అయిదోది వేడెక్కుతూ ఉంటుంది.

ఇంత అవస్థ ఎందుకని అడగండి. పాతకాలపు రాక్ సౌండ్ కోసం. ఆ సౌండంటే ఏమిటని ఎవరైనా అడిగితే మావయ్య కళ్లు మూసుకుంటాడు.

"మేడ మీంచి మనిషిని కేకేస్తే గొంతు చివర్లో కాస్త జీరపోతుంది చూశావా? ఆ జీర కావాలి మనకి. అయితే తిట్టి తిట్టి జీరపోకూడదు. అన్నం చల్లారిపోతోంది రమ్మని పిలిచి పిలిచి జీరపోవాలి."

"తేడా వినిపిస్తుందా మావయ్యా?"

"అన్నం దగ్గరికి పిలిచేదీ తన్నడానికి పిలిచేదీ నీకు తేడా తెలీదురా? మీ అమ్మ రెండు రకాలుగానూ పిలిచిందిగా!"

ఈ వేడి పిచ్చి ఇవాళ్టిది కాదు. కుర్రవయసులో ఆయన రేడియో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తీగ చుట్టే మిషన్ ముందు సూపర్‌వైజరు నిలబడి, "ఊఁ, కానివ్వండి" అంటే, ఈయన అడ్డంపడి, "కాసేపాగండి సార్, మిషన్ వేడెక్కలేదు" అన్నాడట. ఆ మిషన్ చేత్తో తిప్పేది! దానికీ కరెంటుకీ ముఖపరిచయం కూడా లేదు! ఫ్యాక్టరీ మూతపడే రోజు దాకా ఆ జోకు నడిచింది. వర్క్‌షాపుకి ఎవరొచ్చినా నేనా కథ చెబుతాను, ప్రతిసారీ ఒక సూపర్‌వైజరుని అదనంగా కలుపుతాను. ప్రస్తుతం ఆరుగురున్నారు. కథ వినగానే అత్తయ్య తల దించుకుని తీగ చుట్టుకుంటుంది. మొగుడి పరువు పోతోందని సిగ్గుపడుతోంది కాబోలు అనుకునేవాణ్ణి.

ఇప్పుడు మూడో నాబ్ సంగతి. మావయ్య చేసిన ప్రతి యాంప్‌కీ ముందువైపు మూడు నాబ్‌లుంటాయి. మొదటిది వాల్యూమ్, రెండోది టోన్. మూడోదానికి పేరు లేదు. మొదటి రెండూ నల్లవి, మూడోది పాల రంగుది, పాత రేడియోల నుంచి పీకింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. యాంప్ పూర్తిగా వేడెక్కాక మావయ్యే వచ్చి, చెవి ఒగ్గి, గింజంత తిప్పి, "ఇప్పుడు" అంటాడు. అంతే, సౌండు మారిపోతుంది.

పళ్ల డాక్టరుగారు యాంప్ కోసం వచ్చిన రోజు సంగతి చెబుతాను. రోజంతా ఊరి జనాన్ని వణికించే మనిషి, గిటార్ పట్టుకోగానే తానే వణకడం మొదలుపెట్టాడు. మొదటి పాటలో ఎన్ని తప్పులో! నేను లెక్కపెడుతూ వంద దాటాక వేళ్లు నొప్పెట్టి మానేశాను.

"అబ్బే, నాకు రాదండీ. నలభై దాటాక మొదలుపెట్టాను" అని గిటార్ పక్కన పెట్టబోయాడు.

"మీదేం తప్పు లేదు డాక్టరుగారూ, యాంప్ ఇంకా వేడెక్కలేదు" అన్నాడు మావయ్య. "మీరలా ఏదో ఒకటి వాయిస్తూ ఉండండి, దాని కోసం. ఆఁ, మరి ఈ కింది పన్ను నాలుగు రోజులుగా జివ్వుమంటోంది, ఎందుకంటారు?"

డాక్టరుగారు పన్ను గురించి చెబుతూ వాయించారు, వాయిస్తూ చెప్పారు. ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. మావయ్య లేచాడు, చెవి ఒగ్గాడు, మూడో నాబ్ గింజంత తిప్పాడు. "ఇప్పుడు."

గది గోడలు ఒక్క అంగుళం వెనక్కి జరిగాయి. నేను కొలిచాను.

"చూశారా! ఆ నాబ్ తిప్పగానే చూశారా!" అని డాక్టరుగారు గెంతారు. ఎందుకు చూడను! "దాన్ని ఈయన మూడు గింజలు తిప్పారు డాక్టరుగారూ, రెండున్నర చాలేది" అని ధ్వని నిపుణుడిగా నా అభిప్రాయం చెప్పాను. ఆ నాబ్ ఎంత తిరిగిందో రెండు వీధుల అవతల నుంచి విని చెప్పగలనని కూడా చెప్పాను. మావయ్యకి దగ్గొచ్చినట్టుంది, అటు తిరిగాడు.

ఇలా సాగుతుండగా లీడు మాస్టారి గొడవ వచ్చిపడింది.

లీడు మాస్టారంటే ఒకప్పుడు బ్యాండులో లీడు గిటార్ వాయించిన పెద్దాయన. ఊళ్లో గిటార్ పట్టినవాళ్లలో సగంమందికి ఆయనే గురువు. మిగతా సగం ఆయన దగ్గరికి వెళ్లలేదు కాబట్టే అలా వాయిస్తున్నారు. నాకు మొదటి తీగ మీటడం నేర్పిందీ ఆయనే. మావయ్య చేసిన మొట్టమొదటి యాంప్ ఆయన కోసం చేసిందే. అలాంటి మనిషి బల్బు మార్చడానికి స్టూలెక్కి జారిపడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా వేళ్లు ముడుచుకోనంటున్నాయి. ఆరునెలలుగా గిటార్ పెట్టె తెరవలేదు.

ఆయన కూతురు బస్సు డ్రైవరు. గురువారం డ్యూటీ దిగి, ఆ యూనిఫాంతోనే వర్క్‌షాపుకి వచ్చింది.

"బాబాయ్, ఆదివారం పాత బ్యాండుల కచేరీ ఉందిగా. నాన్న రెండు పాటలు వాయిస్తానన్నాడు."

"శుభం!" అన్నాను నేను.

"కాదు, విను. సరిగ్గా రాకపోతే ఆ స్టేజి మీదే గిటార్ ఎవరికో ఒకరికి ఇచ్చేసి వస్తాడట. ఇక ఈ జన్మకి ముట్టుకోడట. నేను బతిమాలాను, పోట్లాడాను, అన్నం మానేశాను. ఆయన కూడా మానేశాడు. చివరికి ఇద్దరం హోటల్‌కి వెళ్లి తిన్నాం. మాట మాత్రం మార్చుకోలేదు." ఆవిడ పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. "ఆ గిటార్ లేకపోతే ఇంట్లో ఆయన పొద్దస్తమానం ఏం చేస్తాడు బాబాయ్? గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇప్పటికే గోడ అరిగింది."

మావయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఎన్ని గంటలకి?"

"నాలుగింటికి. ఒక్కో బ్యాండుకి ఇరవై నిమిషాలే. హాలు మేనేజరు వాచీ పట్టుకుని నిలబడతాడు."

"నా యాంప్ తెస్తాను."

నేను లెక్కవేశాను. ఇరవై నిమిషాల్లోంచి వేడెక్కడానికి ముప్పై అయిదు నిమిషాలు తీసేస్తే, మాస్టారు వాయించడానికి మైనస్ పదిహేను నిమిషాలు మిగులుతాయి. ఇంజనీరింగులో నేర్చుకున్నదంతా నాకు ఆ ఒక్క లెక్కకి పనికొచ్చింది.

"ముందే ఆన్ చేసి పెట్టేద్దాం మావయ్యా" అన్నాను ఆవిడ వెళ్లాక.

"వాల్వులు వేడెక్కడానికి ఒక్క నిమిషం చాలురా. ఉత్తినే ఆన్ చేస్తే వేడెక్కేది వాల్వులే. ఎవరూ వాయించకుండా యాంప్ వేడెక్కదు."

ఈ మనిషితో లాభం లేదనుకున్నాను. సాంకేతికంగా పరిష్కరించాలి. శనివారం మధ్యాహ్నం మావయ్యా అత్తయ్యా బజారుకి వెళ్లగానే, కచేరీకి తీసుకెళ్లబోయే యాంప్‌ని బల్ల మీద బోర్లా పెట్టాను. నా పథకం సులువు: మూడో నాబ్ వెనక తీగలు విప్పి, వేడెక్కాక ఉండాల్సిన చోట శాశ్వతంగా అతికించేస్తే, ఆన్ చేయగానే అసలు సౌండే వస్తుంది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ తట్టని ఆలోచన. ప్లగ్గు తీసినా ఆ పెట్టెలో కరెంటు కాసేపు నక్కి ఉంటుంది కాబట్టి మొట్టమొదటిసారి నేనే కాసేపాగాను. తర్వాత స్క్రూలు విప్పి, లైటు వేసి చూశాను.

మొదటి నాబ్ వెనక తీగలున్నాయి. రెండోదాని వెనకా ఉన్నాయి. మూడోదాని వెనక ఏమీ లేదు. చెక్కకి చిన్న కన్నం, కన్నంలో పుల్ల, పుల్ల చివర గాలి.

గదిలో ఉన్న మరో మూడు యాంపులు విప్పాను. మూడింట్లోనూ గాలే.

నేను కుర్చీలో కూలబడ్డాను. నాకు ముందు గుర్తొచ్చింది మావయ్య కాదు, నేనే. రెండున్నర గింజలు! రెండు వీధుల అవతల నుంచి!

సంచులతో లోపలికొచ్చిన మావయ్య నన్నూ, విప్పిన నాలుగు పెట్టెల్నీ చూశాడు.

"మావయ్యా, మూడో నాబ్‌కి వైరు లేదు."

"అవును."

"మర్చిపోయావా?"

"ఎనభై యాంపుల్లో మర్చిపోతానట్రా?"

"మరి అది తిప్పితే ఏమవుతుంది?"

"తిరుగుతుంది."

"అంటే ఇన్నాళ్లూ జనాన్ని మోసం చేస్తున్నావన్నమాట!"

"కాసేపాగు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "ఆ కుడివైపు స్క్రూ కాస్త బిగుతు. మెల్లగా తిప్పు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆదివారం ముగ్గురం వ్యాన్‌లో హాలు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు. నేను రోజంతా మాట్లాడకపోవడం అంటే ఏమిటో మా వాళ్లనెవరినైనా అడగండి.

హాల్లో మూడువందల కుర్చీలు. మాస్టారి కూతురు చెప్పినట్టే మేనేజరు వాచీ పట్టుకుని స్టేజి పక్కన నిలబడ్డాడు. లీడు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. గిటార్ తగిలించుకునేటప్పుడు పట్టీ సర్దడానికి కూతురు సాయం చేసింది. ఆన్ చేశాం. ఒక్క నిమిషంలో వాల్వులు వెలిగాయి. వెనక డ్రమ్ములాయన కర్రలెత్తాడు.

మాస్టారు మొదలుపెట్టారు.

చెప్పకూడదు గానీ, ఘోరం. నాలుగో తీగ దగ్గర వేలు జారింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అక్కడే జారింది. డ్రమ్ములు ఆగిపోయాయి. హాల్లో ఎవరో కుర్చీ సర్దుకుంటే ఆ చప్పుడు వినపడింది. మాస్టారు ఎడమచేతిని ఎవరిదో పరాయి వస్తువులా చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా భుజం మీది పట్టీ తీయబోయారు. కూతురు నా చెయ్యి పట్టుకుంది. బస్సు స్టీరింగు తిప్పే చెయ్యి అది, నా ఎముకలు నాకు విడివిడిగా తెలిశాయి.

అప్పుడు మావయ్య జేబులో స్క్రూడ్రైవరుతో స్టేజెక్కాడు. నేరుగా మైకు ముందుకెళ్లాడు.

"క్షమించాలి. తప్పు మాస్టారిది కాదు, నాది. నా యాంప్ ఇంకా వేడెక్కలేదు."

మూడువందల మంది ముందు! మాట నిలబెట్టుకోని పనివాడిలా తల దించుకుని! హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆయన మీద పడింది, మాస్టారి మీద ఒక్క చుక్క కూడా పడలేదు. అప్పుడు నాకు దిమ్మ తిరిగింది. ఆ కన్నంలో గాలి ఎందుకుందో, ఎనభై యాంపుల్లోనూ ఎందుకుందో, అక్కడ నిలబడే అర్థమైంది.

మావయ్య ఒక కుర్చీ లాక్కుని మాస్టారి పక్కన కూర్చున్నాడు. "మీరలా ఏదో ఒకటి వాయిస్తూ ఉండండి మాస్టారూ. జనం కోసం కాదు, దీని కోసం. ఆఁ, ఆ స్టూలు ఇంకా ఉంచారా, పారేశారా?"

"పారెయ్యలేదయ్యా, కుంటుతోంది" అన్నారు మాస్టారు. మైకులో వినపడి జనం మళ్లీ నవ్వారు. ఈసారి మాస్టారు కూడా నవ్వారు. వేళ్లు ఆ మాటల మధ్య తీగల మీద చిన్నచిన్నగా నడవడం మొదలుపెట్టాయి.

మేనేజరు నా మీదికొచ్చాడు. "ఏంటండీ ఇది? ఎనిమిది నిమిషాలైపోయింది. ఇంకెంతసేపు?"

పదకొండేళ్లుగా నేను సాధన చేసిందంతా ఈ క్షణం కోసమేనని అప్పుడు తెలిసింది.

"సార్, కాస్త ఇటు రండి" అన్నాను గొంతు తగ్గించి. "ఆ పెట్టెలో వాల్వులు జలాంతర్గామిలోంచి తీసినవి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వాయిస్తే ఏమవుతుందో తెలుసా? పోయినేడు ఒక హాల్లో తొందరపెట్టారు. ఇప్పుడక్కడ హాలు లేదు. పార్కింగు ఉంది."

"నిజమా?" అన్నాడాయన, పైకప్పు వైపు చూస్తూ.

"అక్కడి మేనేజరు కూడా ఇలాగే వాచీ చూశాడు. వాచీ మాత్రం దొరికింది."

ఆయన వాచీ జేబులో పెట్టేసుకున్నాడు. "నెమ్మదిగా కానివ్వండి. తర్వాతి బ్యాండు వాళ్లతో నేను మాట్లాడతా."

స్టేజి మీద మాస్టారు స్టూలు కథ మధ్యలో ఆపేశారు. కథ మర్చిపోయారు. వేళ్లు ఏదో పట్టుకున్నాయి, దాన్ని వెతుక్కుంటూ వెళ్లారు. నాలుగో తీగ వచ్చింది. వేలు జారలేదు. మావయ్య లేచాడు. వంగి చెవి ఒగ్గాడు. మూడువందల మందీ ఊపిరి బిగబట్టారు. వైరు లేదని తెలిసిన నేను కూడా బిగబట్టాను. పాల రంగు నాబ్‌ని గింజంత తిప్పాడు.

"ఇప్పుడు."

వచ్చింది సౌండు. గొంతు చివర ఆ జీరతో, భోజనానికి రమ్మని ఎవరో మేడ మీంచి పిలుస్తున్నట్టు. మునుపటి వేగం లేదు, ఒకటి రెండు చోట్ల వేలు తడబడింది కూడా. ఎవరికి కావాలి! హాలు మొత్తం ఒకేసారి వదిలిన ఊపిరికి స్టేజి తెర ఊగింది. కూతురు నా చెయ్యి వదిలింది. రెండు ఊరటలూ ఒకేసారి కలిగాయి నాకు.

రెండు పాటలన్న మాస్టారు మూడు వాయించి, గిటార్‌ని గట్టిగా పట్టుకుని దిగారు. దాన్ని ఎవరికీ ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టు కనపడలేదు. నేను మోయడానికి చెయ్యి చాపితే నాక్కూడా ఇవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "ఒరేయ్, ఆ మూడో నాబ్ వెనక ఏముందో ఇరవై ఏళ్లుగా నేను అడగలేదు. నువ్వూ అడక్కు" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ వెనక యాంప్ పక్కన అత్తయ్యా నేనూ కూర్చున్నాం. ముందు మావయ్య డ్రైవరుతో, "ఇంజను వేడెక్కనివ్వవయ్యా" అంటున్నాడు.

"అత్తయ్యా, నీకు ముందే తెలుసా?"

ఆవిడ నవ్వింది. "ఫ్యాక్టరీలో చేత్తో తిప్పే మిషన్ కథ చెబుతుంటావుగా, అందులో సూపర్‌వైజర్లు ఎంతమంది ఇప్పుడు?"

"ఆరుగురు."

"ఒక్కడే. మిషన్ ముందు కూర్చుంది మాత్రం నేను. ఉద్యోగంలో మొదటి రోజు. చుట్టి చూపించమన్నారు. చెయ్యి వణికి తీగ రెండుసార్లు తెగింది. మూడోసారి తెగితే ఇంటికి పొమ్మనేవాళ్లే. పక్క బల్ల మీంచి ఈ మనిషి లేచి, 'మిషన్ వేడెక్కలేదు సార్' అన్నాడు. అందరూ ఈయన్ని చూసి పడీపడీ నవ్వుతుంటే, నన్ను చూసేవాడు లేడు. అప్పుడు చుట్టాను."

"మరి ఇన్నేళ్లు నేనా కథ అందరికీ చెప్పి నవ్విస్తుంటే ఒక్కసారైనా చెప్పలేదే?"

"బాగా చెబుతావురా. ఎందుకు చెడగొట్టడమని!"

అప్పుడే ముందు సీట్లో ఫోన్ మోగింది. ఆదివారం కదా, మా అమ్మ. గొంతు మాకు కూడా వినపడుతోంది. "వేడెక్కాడా?"

మావయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మేనేజరుకి నేను చెప్పిన జలాంతర్గామి కథ ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు, కళ్లు మెరుస్తున్నాయి. సీటు మీంచి చెయ్యి చాపి, చెవి నా వైపు ఒగ్గి, నా చొక్కా పైగుండీ రెండు వేళ్లతో పట్టుకుని గింజంత తిప్పాడు. అత్తయ్య ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ఫోన్‌లో అమ్మ కూడా బిగబట్టినట్టే ఉంది.

మావయ్య కాసేపు విన్నాడు.

"అక్కా," అన్నాడు, "కాసేపాగు."